సరుకు లెక్క ఒకచోట, ఖాతాదారు లెక్క ఇంకోచోట: ఈఆర్‌పీ, ఎస్‌సీఎం, సీఆర్‌ఎం ఎంపికలో అసలు చిక్కు

ట్యాలీ, ఎక్సెల్, వాట్సాప్ గ్రూపులతో ఇన్నాళ్లూ నెట్టుకొచ్చిన మధ్యతరహా కంపెనీలు ఇప్పుడు పెద్ద సాఫ్ట్‌వేర్ వైపు చూడటానికి కారణాలు చాలానే ఉన్నాయి. టర్నోవరు 5 కోట్ల రూపాయలు దాటిన వ్యాపారాలకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిసు తప్పనిసరి అయింది. టర్నోవరు 10 కోట్లు, ఆపైన ఉంటే 2025 ఏప్రిల్ 1 నుంచి బిల్లు తేదీ దాటిన 30 రోజుల లోపే దాన్ని ప్రభుత్వ ఈ-ఇన్‌వాయిసు పోర్టల్‌లో నమోదు చేయాలి. గడువు దాటితే పోర్టల్ ఆ బిల్లును తీసుకోదు. ఇక జర్మనీ సాఫ్ట్‌వేర్ సంస్థ ఎస్‌ఏపీ పాత తరం ఈఆర్‌పీ అయిన ఈసీసీ వాడుతున్న సంస్థలకు మామూలు మద్దతు 2027 చివరితో ముగుస్తుంది. దాంతో అందరూ ఒకేసారి కొటేషన్లు తెప్పించుకుంటున్నారు.

కొటేషన్లు వచ్చాక అసలు అయోమయం మొదలవుతుంది. ఒకరు ఈఆర్‌పీ అంటారు, ఒకరు సప్లయ్ చైన్ అంటారు, మూడోవారు సీఆర్‌ఎం అంటారు. మూడింటిలోనూ "ఆర్డర్లు", "స్టాకు", "కస్టమర్లు" అనే మెనూలు కనిపిస్తాయి. ముగ్గురూ అమ్మేది ఒకే వస్తువనిపిస్తుంది. మరి ధరలు మాత్రం ఎందుకు పొంతన లేకుండా ఉన్నాయి?

మూడు పేర్లు, మూడు పనులు

ఈఆర్‌పీ అంటే కంపెనీ లావాదేవీల పుస్తకం. కొనుగోలు, ఉత్పత్తి, స్టాకు, అమ్మకం, జీఎస్టీ, ఖాతాలు అన్నీ ఒకే డేటాబేస్‌లో ఉంటాయి. గోదాములోకి 10 టన్నుల సరుకు దిగి, రసీదు ఎంట్రీ పడగానే స్టాకు విలువ పెరుగుతుంది, సరఫరాదారుకు చెల్లించాల్సిన బాకీ కూడా పడుతుంది. జరిగిపోయినదాన్ని తప్పు లేకుండా రాసిపెట్టడం దీని ప్రధాన బాధ్యత.

సప్లయ్ చైన్ సాఫ్ట్‌వేర్, అంటే ఎస్‌సీఎం, జరగబోయేదాన్ని చూస్తుంది. వచ్చే నెల ఏ డిపోలో ఎంత అమ్ముడవుతుంది, దానికి ఇవాళ ఎంత ముడిసరుకు కొనాలి, ఏ లారీలో ఏది ఎక్కించాలి అన్నవి దీని ప్రశ్నలు. ఈ పేరు కిందే గోదాము నిర్వహణకు డబ్ల్యూఎంఎస్, రవాణాకు టీఎంఎస్ అని విడివిడి ప్యాకేజీలు కూడా అమ్ముతారు.

సీఆర్‌ఎం కొనేవారి చుట్టూ తిరుగుతుంది: ఎవరిని కలిశాం, ఏం అడిగారు, ఏ ఫిర్యాదు పెండింగులో ఉంది, ఏ ఆఫర్ ఇచ్చాం. మన దేశంలో డిస్ట్రిబ్యూటర్ల ద్వారా అమ్మే కంపెనీలకు దీనికి ఇద్దరు దగ్గరి చుట్టాలున్నారు. సేల్స్ రెప్ ఫోనులో ఆర్డర్ తీసుకునే ఎస్‌ఎఫ్‌ఏ ఒకటి, డిస్ట్రిబ్యూటర్ దుకాణంలో బిల్లులు కొట్టే డీఎంఎస్ ఇంకొకటి. చాలామంది "మాకు సీఆర్‌ఎం కావాలి" అన్నప్పుడు నిజానికి అడుగుతున్నది ఈ చుట్టాల్లో ఒకదాన్ని. ఆ తేడా ముందే తేలకపోతే లక్షలు పోసి తప్పు వస్తువు కొంటారు.

ఉదాహరణకు ఒక మసాలా కంపెనీ

లెక్కలు గాలిలో చెబితే అర్థం కావు కాబట్టి ఒక కంపెనీని ఊహించుకుందాం. గుంటూరులో కారం, మసాలా పొడుల ఫ్యాక్టరీ. ఏడాది టర్నోవరు 60 కోట్లు. విజయవాడ, హైదరాబాద్, విశాఖపట్నంలో డిపోలు. 120 రకాల ప్యాకింగులు, 180 మంది డిస్ట్రిబ్యూటర్లు, 25 మంది సేల్స్ రెప్‌లు, కంప్యూటరు ముందు కూర్చునేవారు 40 మంది. ఎండుమిర్చి యార్డులో కొని, కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ఏడాది పొడవునా తీసి మర పట్టిస్తారు. కొంత సరుకు ఎగుమతి కూడా అవుతుంది. కింద వచ్చే అంకెలు లెక్క చూపడానికి వేసుకున్నవే. నిజం కొటేషన్లు వేరుగా ఉంటాయి గానీ లెక్క నడిచే తీరు ఇదే.

ఏ సమాచారానికి ఎవరు యజమాని?

ఫీచర్ల పట్టికలు పక్కన పెట్టి చూస్తే, ఈ ఎంపిక మొత్తం ఒక ప్రశ్న మీద నిలబడి ఉంది. ఒకే సమాచారం రెండు సాఫ్ట్‌వేర్లలో కనిపించినప్పుడు ఎవరి మాట చెల్లుతుంది?

హైదరాబాద్ డిపోలో కారం 400 పెట్టెలు ఉన్నాయి. ఈ లెక్క ఈఆర్‌పీలో ఉంది. సేల్స్ రెప్‌ల ఫోనులో ఉన్న యాప్ 30 నిమిషాలకోసారి ఆ అంకెను తెచ్చుకుంటుంది. పది గంటలకు యాప్ 400 చూపించింది. పదీ పదికి ఒక రెప్ 250 పెట్టెల ఆర్డర్ తీసుకున్నాడు. పదీ ఇరవైకి ఇంకో రెప్ 220 తీసుకున్నాడు. ఇద్దరి ఫోన్లలోనూ స్టాకు ఉన్నట్టే కనిపించింది. మొత్తం 470. ఇచ్చిన మాటలో 70 పెట్టెలు లేనే లేవు. సాఫ్ట్‌వేర్లు రెండూ సవ్యంగానే పనిచేశాయి. ఆర్డర్ పడిన క్షణంలోనే స్టాకును రిజర్వు చేసే బాధ్యత మాత్రం ఎవరికీ అప్పగించలేదు.

క్రెడిట్ లిమిట్‌లో ఇంకా సున్నితమైన చిక్కు ఉంది. ఒక డిస్ట్రిబ్యూటర్ లిమిట్ 5 లక్షలు, బకాయి 4.6 లక్షలు. రెప్ చేతికి లక్ష రూపాయల చెక్కు ఇచ్చాడు. రెప్ యాప్‌లో వసూలు ఎంట్రీ కొట్టాడు. యాప్ దృష్టిలో బకాయి 3.6 లక్షలు, కాబట్టి 1.4 లక్షల సరుకు పంపొచ్చు. ఖాతాల విభాగం చెక్కు పాసయ్యేదాకా దాన్ని వసూలుగా లెక్కవేయదు. వాళ్ల దృష్టిలో 40 వేలకు మించి పంపకూడదు. ఏది సరైనదన్నది కంపెనీ విధానం, సాఫ్ట్‌వేర్ దాన్ని తేల్చలేదు. ఆ విధానం ఎక్కడా రాసిపెట్టి లేకపోతే అమలు చేసే కన్సల్టెంటు తన సౌకర్యం కొద్దీ ఏదో ఒకటి పెట్టేస్తాడు. ఆర్నెల్ల తర్వాత అదే కంపెనీ విధానం అయి కూర్చుంటుంది.

సాధారణంగా నడిచే పంపకం ఇలా ఉంటుంది. ఐటెం, స్టాకు, బకాయి, ఇన్‌వాయిసు ఈఆర్‌పీ సొత్తు. సంప్రదింపులు, సందర్శనలు, ఫిర్యాదులు సీఆర్‌ఎం సొత్తు. అంచనాలు, తిరిగి ఆర్డర్ పెట్టే స్థాయిలు ఎస్‌సీఎం సొత్తు. అసలు తగాదా రెండు విషయాల దగ్గరే వస్తుంది: ధర, కస్టమర్ మాస్టర్ (ఖాతాదారుల మూల వివరాల పట్టిక). కొత్త డిస్ట్రిబ్యూటర్‌ను మొదట చూసేది సేల్స్ వాళ్లు కాబట్టి రికార్డు సీఆర్‌ఎంలో పుడుతుంది. జీఎస్టీ నంబరు సరిచూసేది ఖాతాల వాళ్లు కాబట్టి ఈఆర్‌పీలోనూ పుడుతుంది. ఒకే షాపు మూడు పేర్లతో మూడు చోట్ల తేలుతుంది. లిమిట్ మూడింతలు అవుతుంది.

ఒకే సూట్ తీసుకోవాలా, దేనికది మంచిది ఏరుకోవాలా?

అన్నీ ఒకే సంస్థ దగ్గర కొనాలనేవారి వాదనలో బలం ఉంది. డేటాబేస్ ఒకటే కాబట్టి పైన చెప్పిన 70 పెట్టెల గొడవ చాలావరకు పుట్టదు. ఏదైనా ఆగిపోతే ఫోను చేయాల్సింది ఒకరికే. విడివిడిగా కొనాలనేవారి వాదన కూడా తేలికగా కొట్టేసేది కాదు. ఖాతాల్లో ఆరితేరిన సంస్థ చేసిన ఫీల్డ్ యాప్‌లో ఒక ఆర్డర్ కొట్టడానికి పన్నెండు సార్లు నొక్కాల్సి వస్తే, రోజుకు నలభై దుకాణాలు తిరిగే రెప్ దాన్ని ముట్టుకోడు. మళ్లీ వాట్సాప్‌కే పోతాడు.

విడివిడిగా కొన్నవన్నీ ఒకేసారి కలిపితే ఏమవుతుందో 1999లో అమెరికా చాక్లెట్ కంపెనీ హెర్షీ చూపించింది. ఎస్‌ఏపీ వారి ఈఆర్‌పీ ఆర్3, మాన్యుజిస్టిక్స్ వారి ఎస్‌సీఎం, సీబెల్ వారి సీఆర్‌ఎం మూడూ కలిపి 112 మిలియన్ డాలర్ల ప్రాజెక్టు. నాలుగేళ్ల పనిని 30 నెలలకు కుదించారు. ఏప్రిల్‌లో మొదలవ్వాల్సింది జూలైకి జరిగింది. జూలై తర్వాత హెర్షీకి వచ్చేది హాలోవీన్, క్రిస్మస్ గిరాకీ. దాదాపు 100 మిలియన్ డాలర్ల ఆర్డర్లకు సరుకు పంపలేకపోయారు. ఆ త్రైమాసికం లాభం 19 శాతం పడిపోయింది. విచిత్రం ఏమిటంటే గోదాముల్లో చాక్లెట్లు ఉన్నాయి. రద్దీ రోజుల్లో అదనపు సరుకు పెట్టుకునే తాత్కాలిక చోట్లు కొత్త సిస్టంలో సరిగా నమోదు కాలేదు. పాత ఉద్యోగులకు నోటికి తెలిసిన విషయం కంప్యూటరుకు ఎవరూ చెప్పలేదు. తప్పు విడివిడి సాఫ్ట్‌వేర్లదనే కంటే, మూడింటినీ ఒకే రోజు, అదీ పండగ గిరాకీ ముంగిట్లో మొదలుపెట్టడానిదని నా లెక్క.

విడివిడిగా కొంటే లైసెన్సులోనూ ఒక మడత పేచీ ఉంది. మద్యం కంపెనీ డియాజియో బ్రిటన్‌లో ఎస్‌ఏపీ వాడేది. తన రెప్‌ల కోసం, కస్టమర్ల కోసం సేల్స్‌ఫోర్స్ అనే సీఆర్‌ఎం వేదిక మీద రెండు యాప్‌లు కట్టుకుని ఎస్‌ఏపీకి కలిపింది. ఆ యాప్‌లు వాడేవారంతా పరోక్షంగా ఎస్‌ఏపీ వాడుతున్నట్టేనని, వారికీ లైసెన్సు కావాలని 2017 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ హైకోర్టు తేల్చింది. ఎస్‌ఏపీ అడిగిన మొత్తం 54 మిలియన్ పౌండ్ల పైచిలుకు. మరుసటి ఏడాది ఎస్‌ఏపీ, మనుషుల సంఖ్యను వదిలి పుట్టే డాక్యుమెంట్ల సంఖ్యను బట్టి వసూలు చేసే ఇంకో పద్ధతి తెచ్చింది. మన మసాలా కంపెనీకి ఇది దూరపు కథలా అనిపించొచ్చు. 180 మంది డిస్ట్రిబ్యూటర్లకు ఆర్డర్ పోర్టల్ ఇచ్చినప్పుడు వాళ్లు "యూజర్ల" కింద వస్తారా రారా అన్న వాక్యం ఒప్పందంలో ఉందా లేదా అనేది మాత్రం దగ్గరి సంగతే.

మూడో వాదన కూడా ఉంది: ఖాతాలకు ట్యాలీనే ఉంచి, చుట్టూ కావాల్సినవి తగిలించుకోవడం. ట్యాలీప్రైమ్‌లో బ్యాచి, ఎక్స్‌పైరీ, పలు గోదాములు, రీఆర్డర్ స్థాయి, క్రెడిట్ లిమిట్, ఈ-ఇన్‌వాయిసు, ఈ-వే బిల్లు అన్నీ ఉన్నాయి. అకౌంటెంట్లు దొరకడం తేలిక. ఒక ఫ్యాక్టరీ, ఒక గోదాము ఉన్న సంస్థకు ఇదే చాలు, పెద్ద ఈఆర్‌పీ దండగ. డిపోలు పెరిగి, ఉత్పత్తి ప్రణాళిక, గోదాములో ఏ అరలో ఏ బ్యాచి ఉందన్న లెక్క, ఫీల్డు ఆర్డర్లు కావాల్సి వచ్చేసరికి అతుకుల సంఖ్య పెరిగిపోతుంది. ప్రతి అతుకుకూ ఒక మనిషి కాపలా ఉండాలి.

టిక్కీ దగ్గర తడబడే సాఫ్ట్‌వేర్

డెమోల్లో అన్ని ప్యాకేజీలూ బాగుంటాయి. ఎందుకంటే డెమోలో అమ్మేది సైకిలో, ప్రింటరో. ఒక సైకిలు ఎప్పుడూ ఒక సైకిలే. మిర్చి టిక్కీ (మిర్చి నింపిన బస్తా) అలా కాదు. ఒకటి 40 కిలోలు తూగితే పక్కది 44 తూగుతుంది.

500 టిక్కీలు కొన్నారు. కాంటా మీద మొత్తం 21,000 కిలోలు. సాఫ్ట్‌వేర్‌లో ఒక టిక్కీ అంటే 40 కిలోలని స్థిరంగా పెట్టి ఉంటే, పుస్తకంలో 20,000 కిలోలే ఎక్కుతాయి. వెయ్యి కిలోలు గోదాములో ఉండి లెక్కలో ఉండవు. కిలో 180 రూపాయలు అనుకుంటే 1.8 లక్షల సరుకు ఊరికే తేలుతోంది. కోల్డ్ స్టోరేజీ అద్దె టిక్కీల లెక్కన, కొనుగోలు కిలోల లెక్కన ఉంటుంది కాబట్టి రెండు కొలతలూ ఒకే లాట్ మీద విడివిడిగా నిలవాలి. దీన్ని క్యాచ్ వెయిట్ అంటారు. కొన్ని ప్యాకేజీల్లో మొదటి నుంచీ ఉంటుంది, కొన్నింటిలో అదనపు డబ్బుకు వస్తుంది, కొన్నింటిలో అసలు రాదు. "చేసిపెడతాం" అన్న జవాబు వస్తే అది మూడో రకం.

మర దగ్గర ఇంకో చిక్కు. తొడిమలు తీసి, తాలు ఏరి, ఆరబెట్టి పట్టిస్తే 100 కిలోల మిర్చికి 88 కిలోల పొడి వచ్చిందనుకుందాం. 12 కిలోల్లో కొంత తేమ, కొంత తొడిమలు, కొంత తాలు. తాలుకు ధర ఉంది, తేమకు లేదు. తయారీ ఫార్ములాలో ఉప ఉత్పత్తికి చోటు లేని సాఫ్ట్‌వేర్ మొత్తం ఖర్చును 88 కిలోల మీదే వేస్తుంది. కారం ధర ఎక్కువగా, తాలు లాభం ఉచితంగా కనిపిస్తుంది. ధర నిర్ణయించేవారు ఆ అంకె చూసే నిర్ణయిస్తారు.

బ్యాచి జాడ మరీ ముఖ్యం. ఎండుమిర్చిలో అఫ్లాటాక్సిన్‌కు, అంటే బూజు వల్ల పుట్టే విషానికి, ఐరోపా సమాఖ్య పరిమితి బీ1 రకానికి కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం మీద 10. ఒక కన్‌సైన్‌మెంట్ పరీక్షలో తప్పితే, ఆ బ్యాచి పొడి ఏ లాట్ మిర్చి నుంచి వచ్చింది, అదే లాట్ ఇంకే ప్యాకెట్లలోకి పోయింది, అవి ఏ డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఉన్నాయి అన్నది గంటల్లో తేలాలి. వెనక్కీ ముందుకీ రెండు వైపులా జాడ తీయగలగాలి. చాలా సాఫ్ట్‌వేర్లు పూర్తయిన సరుకు బ్యాచిని డిస్ట్రిబ్యూటర్ దాకా చూపిస్తాయి. నాలుగు లాట్లు కలిపి పట్టిన పొడి దగ్గర వెనక్కి వెళ్లలేక ఆగిపోతాయి.

ఇలాంటి చోట మార్చాల్సింది సాఫ్ట్‌వేర్‌నా, పద్ధతినా? జర్మనీ సూపర్‌మార్కెట్ సంస్థ లిడ్ల్ కథ ఇక్కడ ఎక్కువగా చెబుతారు. సరుకు విలువను కొన్న ధరకు లెక్కవేయడం లిడ్ల్ అలవాటు. ఎస్‌ఏపీ రిటైల్ ప్యాకేజీ అమ్మకపు ధరకు లెక్కవేస్తుంది. అలవాటు మార్చుకోకుండా సాఫ్ట్‌వేర్‌నే వంచారు. ఏడేళ్ల తర్వాత, పత్రికలు చెప్పిన లెక్క ప్రకారం సుమారు 500 మిలియన్ యూరోలు ఖర్చయ్యాక, 2018లో ప్రాజెక్టునే ఆపేశారు. దీన్ని చూపి "ఎప్పుడూ మీరే మారండి" అనే కన్సల్టెంట్లున్నారు. అది అతి. బిల్లు ఆమోదానికి ఎన్ని సంతకాలు కావాలన్నది మార్చుకోవచ్చు. టిక్కీ బరువు మారడం ప్రకృతి, దాన్ని ఎవరూ మార్చలేరు. మొదటి రకం కోసం కోడ్ రాయిస్తే డబ్బు దండగ, రెండో రకానికి చోటు లేని ప్యాకేజీని కొంటే కంపెనీకే నష్టం.

ఏ రకం సీఆర్‌ఎం?

ప్రపంచంలో పేరున్న సీఆర్‌ఎంలు ఎక్కువ భాగం "లీడ్, అవకాశం, ముగింపు" అనే వరస మీద కట్టినవి. ఒక యంత్రం అమ్మడానికి ఆరు నెలలు తిరిగే కంపెనీకి ఇది అచ్చంగా సరిపోతుంది. మసాలా రెప్ పని వేరు. సోమవారం ఒక బీటు (ఆ రోజు తిరగాల్సిన దుకాణాల వరస), మంగళవారం ఇంకో బీటు, అవే దుకాణాలు, వారం వారం ఆర్డర్లు. ఇక్కడ "అవకాశం గెలిచారా, ఓడారా?" అన్న ప్రశ్నకు అర్థమే లేదు. అందుకే ఒకే కంపెనీలో ఎగుమతి విభాగానికి మామూలు సీఆర్‌ఎం, దేశీయ అమ్మకాలకు ఎస్‌ఎఫ్‌ఏ అవసరం పడటం అరుదేమీ కాదు. జోహో, సేల్స్‌ఫోర్స్, మైక్రోసాఫ్ట్ డైనమిక్స్ లాంటివాటిలో బీటు పద్ధతిని అమర్చుకోవచ్చు గానీ అది అమర్చుకున్నది, పుట్టుకతో వచ్చింది కాదు.

డిస్ట్రిబ్యూటర్ల వ్యాపారంలో సీఆర్‌ఎం సత్తా తేలేది స్కీముల దగ్గర. పది పెట్టెలకు ఒకటి ఉచితం అన్నారు. బిల్లులో 11 పెట్టెలు ఎక్కి, ఒకటి సున్నా ధరకు చూపాలా, లేక ధర తగ్గించి చూపాలా? స్టాకులో పదకొండూ తగ్గాలి, ఇది మాత్రం ఖాయం. ఆ స్కీమును డిస్ట్రిబ్యూటర్ దుకాణదారుకు ఇచ్చాడా, తానే మింగాడా అన్నది కంపెనీకి తెలియాలంటే సెకండరీ అమ్మకాలు, అంటే డిస్ట్రిబ్యూటర్ నుంచి దుకాణానికి పోయిన బిల్లులు, కనబడాలి. డీఎంఎస్ లేకుండా అవి కనబడవు. అవి లేకపోతే నెలాఖరున వచ్చే క్లెయిముల కాగితాలను నమ్మాలి, లేదా ఆపి పెట్టాలి. డిస్ట్రిబ్యూటర్లు అలిగేది సాధారణంగా క్లెయిములు ఆలస్యమైనందుకే.

చట్టం అడిగేవి

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు నమ్‌కీన్ లాంటి చాలా ప్యాకెట్ ఆహారాలు 12 నుంచి 5 శాతానికి వచ్చాయి. రేటును తేదీతో ముడిపెట్టి ఉంచే సాఫ్ట్‌వేర్‌లో ఇది ఒక వరస ఎంట్రీ. రేటును ఐటెంలో నేరుగా రాసిపెట్టిన చోట, సెప్టెంబరు 21 వరకు అమ్మిన సరుకు అక్టోబరులో తిరిగొస్తే క్రెడిట్ నోటు కొత్త రేటుకు పడి లెక్క తప్పింది. ఈ-ఇన్‌వాయిసు రద్దుకు 24 గంటలే గడువు. ఆ తర్వాత దిద్దుబాటు సాధారణంగా క్రెడిట్ నోటుతో. కంపెనీల చట్టం కింద నమోదైన సంస్థలకు 2023 ఏప్రిల్ 1 నుంచి ఖాతాల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ నమోదయ్యే ఆడిట్ ట్రెయిల్ ఉండాలి, దాన్ని ఆపేసే వీలుండకూడదు. విదేశీ ప్యాకేజీల్లో ఇవి స్థానిక భాగస్వామి చేసిన అదనపు మాడ్యూళ్ల రూపంలో వస్తుంటాయి. నిబంధన మారిన ప్రతిసారీ దాన్ని ఎవరు, ఎన్ని రోజుల్లో, ఎవరి ఖర్చుతో మారుస్తారన్నది ఒప్పందంలో ఉండాల్సిన సంగతి.

ఐదేళ్ల లెక్క వేస్తే

మన కంపెనీకి మూడు కొటేషన్లు వచ్చాయనుకుందాం. జీఎస్టీ కలపకుండా చూద్దాం.

క్లౌడ్ ప్యాకేజీ: 40 మంది పూర్తి యూజర్లకు నెలకు తలా 2,500, 25 మంది ఫీల్డు యూజర్లకు తలా 600 రూపాయలు. మొదటి ఏడాది 13.8 లక్షలు. ఏటా 7 శాతం పెరుగుదల ఒప్పందంలో ఉంటే ఐదేళ్లకు సుమారు 79.4 లక్షలు. అమలు ఖర్చు 20 లక్షలు. మొత్తం 99.4 లక్షలు.

సొంత సర్వర్ మీద శాశ్వత లైసెన్సు: లైసెన్సు 28 లక్షలు. రెండో ఏడాది నుంచి 18 శాతం ఏఎంసీ (వార్షిక నిర్వహణ రుసుము), నాలుగేళ్లకు 20.2 లక్షలు. సర్వర్, బ్యాకప్, యూపీఎస్ 9 లక్షలు. చూసుకునే మనిషికి ఏడాదికి 6 చొప్పున 30 లక్షలు. ఫీల్డ్ యాప్ విడిగా 9, అమలు 22. మొత్తం 118.2 లక్షలు.

ఈఆర్‌పీనెక్స్ట్, ఓడూ కమ్యూనిటీ లాంటి ఓపెన్ సోర్స్: లైసెన్సు సున్నా. హోస్టింగ్ 7.5 లక్షలు, మనకు తగ్గట్టు మార్చుకోవడం ఎక్కువ కాబట్టి అమలు 30, రెండో ఏడాది నుంచి సపోర్టు 24, సొంత డెవలపర్ 45. మొత్తం 106.5 లక్షలు.

కొటేషన్ మొదటి పేజీలో కనిపించేవి 13.8, 28, సున్నా. ఐదేళ్ల చివర మూడూ 20 లక్షల తేడాలో వచ్చి నిలబడ్డాయి. 300 కోట్ల ఐదేళ్ల టర్నోవరు మీద ఏ దారి మొత్తం ఖర్చైనా మూడో వంతు శాతం అటూ ఇటూ. అంటే ధర ఈ ఎంపికను తేల్చదు. ఎవరి మీద ఆధారపడతాం అన్నదే తేలుస్తుంది: అమ్మిన సంస్థ మీదా, గదిలో ఉన్న సర్వర్ మీదా, లేక ఒక్క డెవలపర్ మీదా? ఆ డెవలపర్‌కు హైదరాబాద్‌లో ఇంకో ఉద్యోగం వస్తే మూడో దారి ఒక్కసారిగా ఖరీదైపోతుంది. ఎస్‌ఏపీ మనుషులు మాత్రం దొరుకుతారు, అమీర్‌పేట బోర్డులు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. అనుభవం ఉన్నవారికి వేసే జీతం వేరే సంగతి.

క్లౌడ్‌లో ఇంకో ప్రశ్న బయటికి వచ్చే దారి. డేటా ఎక్సెల్ ఫైళ్లుగా మాత్రమే ఇస్తారా, లింకులతో సహా పూర్తి డేటాబేస్ ఇస్తారా? అటాచ్ చేసిన బిల్లుల బొమ్మలు వస్తాయా? ఇది అడగాల్సింది సంతకం పెట్టకముందు. డిస్ట్రిబ్యూటర్ల, దుకాణదారుల ఫోను నంబర్లు సీఆర్‌ఎంలో ఉంటాయి కాబట్టి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఇక్కడికి వస్తుంది. దాని నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, దశలవారీగా అమల్లోకి వస్తాయి.

తప్పుడు డేటాతో మంచి సాఫ్ట్‌వేర్

ఎస్‌సీఎం వాగ్దానం చేసేది సరిపడా స్టాకు. ఆ వాగ్దానం ఒక అంకె మీద ఎలా కుప్పకూలుతుందో చూడండి. విశాఖ డిపోలో కారం రోజుకు సగటున 200 పెట్టెలు పోతుంది. గుంటూరులో ఆర్డర్ పడి, ప్యాకై, లారీ దొరికి, విశాఖలో దిగేసరికి 6 రోజులు. భద్రత కోసం 5 రోజుల నిల్వ. తిరిగి ఆర్డర్ పెట్టే స్థాయి: 200 × 6 + 200 × 5 = 2,200 పెట్టెలు.

మాస్టర్‌లో 6కు బదులు, ప్రయాణం మాత్రమే లెక్కవేసి, ఎవరో 3 కొట్టారు. ఇప్పుడు స్థాయి 600 + 1,000 = 1,600. మామూలు రోజుల్లో సరుకు వచ్చేసరికి 1,200 పెట్టెలు పోయి 400 మిగులుతాయి. ఐదు రోజుల నిల్వ ఉండాల్సిన చోట రెండు రోజులదే ఉంది, అయినా ఎవరికీ తెలియదు. ఆవకాయల కాలంలో అమ్మకం రోజుకు 300కు ఎగబాకితే ఆరు రోజులకు 1,800 కావాలి. 200 పెట్టెలు తక్కువ. నింద మాత్రం అంచనాల సాఫ్ట్‌వేర్ మీద పడుతుంది.

అమెరికా రిటైల్ సంస్థ టార్గెట్ 2013 మార్చి నుంచి కెనడాలో తెరిచిన దుకాణాలకు కొత్తగా పెట్టిన ఎస్‌ఏపీలో సరుకుల కొలతలు తప్పుగా ఎక్కాయి. అంగుళాలు, సెంటీమీటర్లు తారుమారు, పొడవు చోట వెడల్పు. గోదాములు నిండిపోయాయి, అరలు ఖాళీగా ఉన్నాయి. 133 దుకాణాలు, రెండేళ్లు తిరగకముందే 2015 జనవరిలో మూసివేత ప్రకటన. కారణాలు ఇంకా ఉన్నాయి, ఇదొక్కటే కాదు. 120 రకాల ప్యాకింగులున్న మన కంపెనీలో ఒక్కో ఐటెంకు ముప్పై గడులు అనుకున్నా 3,600 గడులు మనిషి కళ్లతో చూడాల్సినవి. ఈ పని కొటేషన్‌లో ఉండదు. కంపెనీ సొంత మనుషులే, రోజువారీ పనుల మధ్య చేయాలి.

మార్పిడి ఏ రోజున?

ఖాతాల వాళ్లను అడిగితే ఏప్రిల్ 1 అంటారు. కొత్త ఆర్థిక సంవత్సరం, శుభ్రంగా ఓపెనింగ్ బ్యాలెన్సులు, ఆడిటర్‌కు తేలిక. వాళ్ల మాటలో తప్పు లేదు. అయితే మిర్చి కంపెనీకి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డుకు సరుకు పోటెత్తే కాలం. ఏడాదికి సరిపడా కొనుగోలులో పెద్ద భాగం అప్పుడే జరుగుతుంది. రోజుకు వందల టిక్కీలు, పదుల లాట్లు, లారీలు క్యూలో ఉండగా రసీదు ఎంట్రీ కొత్త స్క్రీన్ మీద నేర్చుకోవడం కష్టం. రాయలేకపోయినవి కాగితం మీద పేరుకుంటాయి, తర్వాత ఎక్కించినవి తప్పుతాయి.

వేసవిలో యార్డుకు సెలవులిస్తారు, సాధారణంగా మే మధ్యలో మొదలై నెల రోజులు. ఆ ఖాళీలో కోల్డ్ స్టోరేజీల్లో టిక్కీలు లెక్కపెట్టి, జూలై 1న మొదలుపెడితే కొనుగోలు విభాగానికి ఊపిరి ఆడుతుంది. ఇందుకు ఖాతాల విభాగం చెల్లించే మూల్యం, మొదటి మూడు నెలల లావాదేవీలు పాత సిస్టంలో, మిగతావి కొత్తదాంట్లో ఉండటం. ఏడాది చివర జీఎస్టీ వార్షిక రిటర్నుకు రెండు చోట్ల నుంచీ అంకెలు తెచ్చి కలపాలి. ఇన్‌వాయిసు నంబర్లకు జూలై నుంచి వేరే సిరీస్ పెడితే ఆ కలపడం తేలికవుతుంది, ఒకే నంబరు రెండుసార్లు పడే ప్రమాదం కూడా పోతుంది. మూడు డిపోలనూ ఒకేసారి మార్చకుండా, ఫ్యాక్టరీకి దగ్గరగా ఉన్న విజయవాడతో మొదలుపెట్టి, ఒక నెలాఖరు మూసివేత సజావుగా జరిగాక హైదరాబాద్, ఆ తర్వాత విశాఖ అనుకుంటే సెప్టెంబరుకు పూర్తవుతుంది. సీఆర్‌ఎం యాప్ రెప్‌ల చేతికి వెళ్లేది ఆ డిపోలో స్టాకు అంకె వరసగా రెండు వారాలు భౌతిక లెక్కతో సరిపోయాకే. అంతకు ముందే ఇస్తే, లేని 70 పెట్టెలకు మాట ఇచ్చే రెప్ మళ్లీ ఆ యాప్ తెరవడు.